మగ్గం గదికి ఎన్ని టన్నులు?

గద్వాల,
మార్చి 5.

చెల్లె ఉమారాణికి,

అక్క జములమ్మ ఆశీస్సులు. ఇక్కడ క్షేమం. మరిదిగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఒక పని మీద రాస్తున్నాను. మా మగ్గం గదిలో ఏసీ పెట్టించాలని ఉంది. ఏ సైజుది సరిపోతుందో నువ్వు చెప్పాలి. ఆ ఎలక్ట్రికల్ దుకాణంలో కౌంటర్ దగ్గర ఇన్నేళ్లుగా ఉన్నావు. రోజూ ఎందరికో చెబుతుంటావు.

గది కొలిచాను. టేపు దొరకలేదు. మగ్గం మీంచి దించిన చీర పరిచి చూశాను. చెంగు, జాకెట్టు ముక్క మడిచేస్తే మిగిలినంత పొడవు ఉంది గది. వెడల్పు అందులో మూడింట రెండు వంతులు.

మీ బావకు ఎండ ఓర్చుకునే శక్తి తగ్గింది. అందుకే.

ఫోన్ చేయకు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. దాన్ని మీ బావ మగ్గం పక్కన పెట్టుకుని స్పీకర్ వేస్తాడు, నేత ఆపకుండా మాట్లాడవచ్చని. నీ మాటలు వీధంతా వింటుంది. ఉత్తరం రాయి.

మంగళవారం, నాకు పేరిచ్చిన మన ఊరి జములమ్మ తల్లి గుడిలో నీ పేరున కూడా దీపం పెట్టాను.

అక్క


నాగర్‌కర్నూలు,
మార్చి 11.

అక్కకు నమస్కారాలు.

కవరు మీద నీ చేతిరాత చూసి ముందు భయపడ్డాను, ఎవరికి ఏమైందోనని. చదివాక నవ్వు ఆగలేదు. మా కౌంటర్ దగ్గరికి గది కొలతలు ఎన్నో తీరుల్లో వస్తాయి. అడుగుల్లో చెబుతారు, గజాల్లో చెబుతారు, ఒకాయన మంచాల లెక్కన చెప్పాడు. చీర లెక్కన చెప్పింది నువ్వే. నేను కాగితం మీద చీరను అడుగుల్లోకి మారుస్తుంటే మా సేటు తొంగి చూశాడు.

"ఎవలిది ఉమా ఈ గది?"

"మా అక్కది."

"మీ అక్క ఇంట్ల టేపు లేదా?"

"మా అక్క చీర నేస్తది సేటూ, టేపు నెయ్యదు."

పొడవు పదిహేను అడుగులు, వెడల్పు పది అని తేలింది. అయితే పొడవు వెడల్పులతో పని అయిపోదు. పైకప్పు ఏమిటి? పడమటి ఎండ గోడకు కొడుతుందా? గాలి పోయే సందులున్నాయా? బల్బులెన్ని? లోపల కూర్చునేది ఎంతమంది? మనిషి ఒంట్లోంచి కూడా వేడి వస్తుంది కాబట్టి తలకింత అని దాన్నీ లెక్కలో వేస్తాం. ఇవన్నీ రాస్తే సైజు చెబుతాను.

ఇక నాకు అర్థం కానిది. మగ్గం గదిలో ఏసీ ఏమిటక్కా? గాలిలో ఉన్న తడినంతా అది పీల్చేస్తుంది. పడుగు ఎండితే పోగులు పటపటా తెగుతాయని నీకు నేను చెప్పాలా? నాన్న వేసవి వస్తే కిటికీకి తడి గోనెపట్టా కట్టేవాడు. బావ అయితే ఫ్యాన్ తిరిగితే పోగు ఊగుతుందని, పోయిన వేసవిలో నేను తెచ్చిన టేబుల్ ఫ్యాన్‌ని అటక మీద పడేశాడు. ఆ మనిషి ఏసీ కావాలన్నాడంటే నమ్మేదెలా?

జవాబు పెద్దదిగా రాయి. నీ ఉత్తరం ఏమో, కరెంటు బిల్లు అంత కూడా ఉండదు.

నీ ఉమ


గద్వాల,
మార్చి 17.

చెల్లె ఉమకు,

నువ్వు అడిగినవి రాస్తున్నాను. పైన రేకులు. పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి ఎండ. రేకుకూ గోడకూ మధ్య సందు ఉంది, పిచ్చుకలు వచ్చి పోతుంటాయి. కిటికీ ఒకటి. బల్బులు రెండు. మనుషులు ఇద్దరు. లేకపోతే ఒకరు.

మీ బావకు చెప్పాను. "ఎన్ని టన్నులంటనే?" అన్నాడు. ఒకటో ఒకటిన్నరో అన్నాను. "గంత బరువు మన గోడ ఆపుతదా? రేకులతోటి కలిసి కూలుతది" అన్నాడు. హాస్యమనుకున్నాను. లేచి వెళ్లి గోడను గుప్పిటతో కొట్టి చూశాడు. బరువు కాదని నువ్వే రాయి, చదివి వినిపిస్తాను.

పోగు సంగతి తాను చూసుకుంటానన్నాడు.

పక్కింటి కోడలు సుప్రియకు నేత వచ్చు. పెళ్లికి ముందు పుట్టింట్లో అంచు పోగు నడిపే నాడె వేసేదట. ఈ మధ్య మా గడప దగ్గరికి వచ్చి కూర్చుంటోంది. చెయ్యి చక్కగా ఉంది.

ఈ ఉత్తరం ముందుదానికన్నా పెద్దది. చూసుకో.

అక్క


నాగర్‌కర్నూలు,
మార్చి 25.

అక్కకు,

ముందు బావకు వినిపించాల్సింది: బావా, టన్ను అంటే బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజంతా కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని ఎంత లాగుతుందో, ఆ మిషన్ అంత లాగుతుందని అర్థం. గోడకు ఏమీ కాదు. నిమ్మళంగా నేసుకో.

ఇక్కడి నుంచి నీకొక్కదానికే.

"మనుషులు ఇద్దరు. లేకపోతే ఒకరు" అని రాశావు. పట్టు అంచును నూలు చీరకు కలుపుతూ నేసే గద్వాల కుట్టు చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదు కదా. ఒక పక్క బావ, ఇంకో పక్క అంచు నాడె పట్టుకుని నువ్వు. తేజస్విని కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా నువ్వు ఆ చోటు వదల్లేదు. ఆ కింద సుప్రియ చెయ్యి బాగుందని ఒక ముక్క. మాట ఊరికే ఖర్చు చేసే మనిషివి కావు నువ్వు. నాకు నిద్ర పట్టలేదు.

నీ మాట దాటాను. మంగళవారం నువ్వు గుడికి పోయే వేళ చూసి బావకు ఫోన్ చేశాను.

"ఎండకు తట్టుకోలేకపోతున్నవంట గద బావా?"

"ఎవలు, నేనా? నాకేమైంది? మీ అక్కనే గదిల ఉండనంటది. పని మొదలువెట్టినంక జరసేపటికే లేస్తది, నల్ల కాడికి పోయి నెత్తి మీద నీళ్లు గుమ్మరిచ్చుకొని వొస్తది."

అప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. మీ ఇంటికి ఇన్నేళ్లుగా ఫోన్ చేస్తున్నాను, ఆ చప్పుడు ఆగడం వినలేదు.

"ఉమా, మొన్న నాడె ఇసిరిగొట్టింది. గోడకు తగిలి కొన ఇరిగింది. జర ఉషారుగ ఎయ్యవే అన్న, గంతే. ఇంగో మాట అన్లే. ఇప్పుడు సుప్రియను కూసోవెట్టుకోమంటుంది. నా పక్కన కూసుంటందుకు మనసొప్పుతలేదేమో. నేనేం జేసిన్నో నాకు తెల్వదు."

నువ్వు నాడె విసిరావా? కాలికి తగిలితేనే కళ్లకద్దుకునే మనిషివి. ఏసీ ఎవరికో, ఎందుకో సక్కగా చెప్పు. దుకాణంలో అడిగినట్టు అడగడం లేదు, చెల్లెలిగా అడుగుతున్నాను.

ఉమ


గద్వాల,
ఏప్రిల్ 1.

ఉమా,

మీ బావ పరేషాన్ అవుతున్నాడని నాకు తెలుసు. ఇంత అనుకుంటున్నాడని తెలియదు.

నాడె విసిరింది నిజం. ఆ సాయంత్రమే దీపం ముందు కూర్చుని తల్లికి చెప్పుకున్నాను. నీకు ఇప్పుడు చెబుతున్నాను.

దసరా తర్వాత నాకు నెల రాలేదు. సంక్రాంతి వెళ్లాక ఆవిర్లు మొదలైనవి. రొమ్ముల మధ్య నిప్పు రాజేసినట్టు మొదలై మెడకు, చెవులకు, నెత్తికి ఎక్కుతుంది. చెమట కారిపోతుంది. కాసేపటికి అంతా దిగి వణుకు వస్తుంది. గుడిలో వస్తుంది, పొయ్యి దగ్గర వస్తుంది. మగ్గం మీద ఎక్కువ వస్తుంది, కాళ్లు మగ్గం కింది గుంటలో ఉండి కదలలేం కాబట్టి.

ఆ రోజు గడ్డం నుంచి చెమట చుక్క జారి పట్టు అంచు మీద పడింది. పట్టు మీద చెమట మరక పోదు. నీకు తెలుసు. అద్దబోయాను, ఇంకా పాకింది. సరిగ్గా అప్పుడే ఆయన ఉషారుగా వేయమన్నాడు. చేతిలో ఉన్నది విసిరాను.

మాతో చీరలు నేయించే యజమాని దాన్ని తక్కువ రకంలో వేశాడు. మీ బావ నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఇది ఆయనకు చెప్పలేను. ముప్పై ఏళ్లకు పైగా పక్కపక్కన కూర్చున్నాం, ఇటువంటివి మాట్లాడుకున్నది లేదు. నెల వచ్చిన రోజుల్లో కూడా "ఇయ్యాల కూసోను" అంటే సరే అనేవాడు, అంతే. గది వేడిగా ఉందన్నాను. అందుకే ఏసీ. గది చల్లబడితే నా చోట నేను కూర్చోగలను. లేకుంటే సుప్రియ కూర్చుంటుంది. ఇంకొక చీర నా చేత్తో పాడు కానివ్వను.

నువ్వు ఆయనకు చెప్పవద్దు. నా మీద ఒట్టు.

అక్క


నాగర్‌కర్నూలు,
ఏప్రిల్ 6.

అక్కా,

నీ ఉత్తరం దుకాణంలో చదువుకుని, స్టాకు చూసొస్తానని వెనక గోడౌన్‌లోకి పోయి ఫ్రిజ్ డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను. ఏడ్చి వచ్చి ఒక మిక్సీ అమ్మాను.

నీకు గుర్తుందో లేదో, అమ్మకు కూడా ఈ వయసులోనే. నీకప్పటికి పెళ్లయింది, ఇంట్లో నేనే ఉన్నాను. అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయి పెరట్లో బండ మీద కూర్చునేది. నాన్న గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. అమ్మ కట్టించుకుంది కూడా. "ఏమైతుందే నీకు?" అని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. నేను కూడా అడగలేదు, ఆడుకోవడానికి పోయాను.

సరే, లెక్క. నీ గది మామూలుగా అయితే ఒక టన్నుతో గట్టెక్కేది. పైన రేకులు, పడమటి ఎండ, ఇద్దరు మనుషులు, అందుకని ఒకటిన్నర. అంతకన్నా పెద్దది వద్దు. పెద్దది పెడితే గది గబుక్కున చల్లబడి మిషన్ ఆగిపోతుంది, మళ్లీ ఉడుకుతుంది, మళ్లీ మొదలవుతుంది. చిన్నది పెడితే ఆగకుండా తిరిగి తిరిగి అరిగిపోతుంది. రేకుల కింద థర్మాకోల్ షీటు కొట్టించు. సందులు మూయించు. పిచ్చుకలకు బయట ఒక డబ్బా కట్టు, పాపం. ఇరవై ఎనిమిది డిగ్రీల మీదే ఉంచు, కిందికి దించకు. అలా అయితే పోగు కొంత ఓర్చుకుంటుంది.

మిషన్ శుక్రవారం బయల్దేరుతుంది. బిగించే మనుషులు వెంట వస్తారు.

ఒట్టు పెట్టావు కాబట్టి బావకు నేను చెప్పను. నువ్వు చెప్పు. దవాఖానకు పోయి చూపించుకో కూడా. తాయెత్తు కట్టే కాలం కాదు ఇది.

ఉమ


గద్వాల,
ఏప్రిల్ 16.

ఉమా,

ఏసీ బిగించారు. షీటు కొట్టారు. సందులు మూశారు. బీచుపల్లి ఆంజనేయస్వామి సిందూరం పెట్టి మీ బావ బటన్ నొక్కాడు. వీధి వీధంతా వచ్చి నిల్చుంది.

గది చల్లబడటం లేదు.

మొదటి రోజు జనం వల్ల అనుకున్నాం. తలుపు వేసుకుని ఇద్దరమే కూర్చున్నా అంతే. గాలి వస్తుంది, చల్లగానే వస్తుంది. గది మాత్రం ఉక్కగా ఉంది, పొయ్యి మీద అన్నం గిన్నె మూత తీసినట్టు. నాకు ముందుకన్నా కష్టంగా ఉంది.

"నీ చెల్లె చిన్నది అంటగట్టింది" అంటున్నాడు. "రెండు టన్నులది ఉంటదంట, అడుగు."

బయట గొట్టం నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. పూటకొక బకెట్ నిండుతుంది. మీ బావ ఆ నీళ్లు పారబోయడు. తెచ్చి గోనెపట్టాల మీద చల్లుతాడు.

అక్క


నాగర్‌కర్నూలు,
ఏప్రిల్ 20.

అక్కా,

ఏ గోనెపట్టాలు?

ఆగలేక ఫోన్ చేశాను. నీ సంగతి ఎత్తలేదు, భయపడకు. బావ ఏం చెప్పాడో విను.

"పోగు ఎండొద్దని గుంటల సుట్టూత తడి గోనెలు పరిచిన. గోడకు రెండు కట్టిన. మూలకు నీళ్ల కాగు వెట్టిన. నువ్వే గద ఏసీ తడి గుంజుతదంటివి? గుంజనియ్యి. అది గుంజినన్ని నేను పోస్త."

"గట్లైతె అది గదిని ఎప్పుడు సల్లగ జేస్తది బావా? దాని బలమంత నీ గోనెలు ఆరవెట్టుడుకే సరిపాయె!"

"మరి దానికి జోరు చాలదన్నట్టే గద. పెద్దది పంపు."

మా సేటుకు చెబితే కుర్చీలోంచి పడబోయాడు. ఒక పక్క మిషన్ నీళ్లు బయటికి తోడుతుంటే, అవే నీళ్లు బకెట్‌తో తెచ్చి లోపల పోసే మనిషి మా దుకాణం చరిత్రలో లేడు. రెండు టన్నులు పెట్టినా, నాలుగు పెట్టినా బావ ఇంకో బకెట్ తెస్తాడు.

తప్పు నాది కూడా. రేకులు అడిగాను, గోడలు అడిగాను, లోపల నీళ్లేమైనా పెడతారా అని అడగలేదు. నేతింట్లో పుట్టి కూడా తోచలేదు.

గోనెలు తీసేయండి. చల్లబడుతుంది. పోగు తెగితే మాత్రం నన్ను తిట్టకండి.

ఉమ


వనపర్తి,
మే 2.

చెల్లె ఉమకు,

తేజస్విని దగ్గర ఉన్నాను. దానికి బీఎడ్ పరీక్షలు. దాని కొడుకును చూసుకోవడానికి వచ్చాను.

నువ్వు చెప్పినట్టు గోనెలు తీశాం. గది చల్లబడింది. రెండో రోజు నుంచి పడుగు తెగసాగింది. ఆయన వంగి ఒక్కొక్క పోగు వెతికి ముడి వేస్తాడు. నాడె నాలుగుసార్లు ఆడేలోగా ఇంకొకటి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగుతాడు. చూడలేకపోయాను. తేజస్విని ఫోన్ చేయగానే బయల్దేరాను.

వచ్చేటప్పుడు సుప్రియను కూర్చోబెట్టుకోమని చెప్పాను. ఏసీ ఆపి, గోనెలు పరుచుకోమన్నాను. సరే అన్నాడు.

ఇక్కడ వీళ్ల పడక గదిలో ఏసీ ఉంది. నిన్న మధ్యాహ్నం పిల్లవాణ్ని పడుకోబెడుతూ నేనూ ఒరిగాను. గది ఎంత చల్లగా ఉందంటే వాడికి దుప్పటి కప్పాను. అప్పుడు వచ్చింది. అదే నిప్పు, అదే చెమట. దిండు తడిసింది. పక్కన పిల్లవాడు చలికి ముడుచుకుని ఉన్నాడు.

లేచి కూర్చున్నాను. ఏసీ వంక చూశాను. పాపం, అది తన పని తాను చేస్తూనే ఉంది. నా వేడి గదిది కాదు ఉమా. ఏ సైజు తెచ్చినా నాకు సరిపోదు.

సాయంత్రం తేజస్విని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. నవ్వుతూ మాట్లాడింది. "కొందరికి ఏడాదిల పోతది, కొందరికి ఇంక కొన్నేండ్లు ఉంటది. వొచ్చినప్పుడు జరసేపు ఆగు పెద్దమ్మా, అదే పోతది" అన్నది. మాత్రలు రాసింది. రక్తపరీక్ష చేయించింది.

మగ్గం మీద ఆగడం కుదరదు. ఇద్దరి చేతులు ఒక్క చెయ్యిలా పోవాలి. ఒకరు ఆగితే ఇంకొకరిది కూడా ఆగుతుంది. అందుకని నిశ్చయించుకున్నాను. నా చోటు సుప్రియకు ఇస్తాను. ఆసు మీద పడుగు పోస్తాను, నాడెలోకి కండెలు చుడతాను. ఇంట్లో పని లేకపోలేదు.

ఏసీ వాపసు తీసుకుంటారేమో మీ సేటును అడుగు.

అక్క


నాగర్‌కర్నూలు,
మే 6.

అక్కా,

మా దగ్గర లెక్క కట్టే చార్టులో మనుషులకు ఒక గడి ఉంటుంది. ఎంతమంది అని రాస్తాం. అందరికీ ఒకటే అంకె. నీకూ బావకూ అదే వేశాను. నీ ఉత్తరం చదివాక ఆ గడి చూస్తే సిగ్గేసింది.

నువ్వు లేని రోజుల్లో బావ నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎన్నడూ తానై చేయని మనిషి. మొదటిసారి రెండు టన్నుల మిషన్ అడిగాడు. రెండోసారి ఏమీ అడగలేదు. "మీ అక్క ఎప్పుడొస్తనన్నది?" అన్నాడు. నాకేం తెలుసు బావా అన్నాను. సుప్రియ ఎట్లా నేస్తుందంటే "నేస్తది" అన్నాడు, అంతే. అక్కడ నోరు నొక్కుకుని కూర్చోవడం నాకెంత కష్టమో ఆ తల్లికే తెలియాలి.

నీ చోటు నువ్వు ఎవరికైనా ఇచ్చుకో, నీ ఇష్టం. బావకు చెప్పకుండా మాత్రం ఇవ్వకు. తన పక్కన కూర్చోవడం ఇష్టం లేకనే లేచిపోయావని ఆ మనిషి నమ్ముతాడు. అదీ పట్టు మరకలాంటిదే.

ఉమ


గద్వాల,
మే 14.

ఉమా,

చెప్పాను.

శనివారం వచ్చాను. గడపలో చెప్పులు విడుస్తుంటే మగ్గం చప్పుడు వినబడింది. తలుపులోంచి చూశాను. నా చోట సుప్రియ. చెయ్యి బాగా ఆడుతోంది. అంచు నాకన్నా బిగువుగా వస్తోంది. నేను పెట్టమన్నదే. అయినా తలుపు దగ్గరే నిలబడ్డాను.

సుప్రియ నన్ను చూసి గుంటలోంచి కాళ్లు తీసేసింది. "వొచ్చినవా అత్తా, ఇగో, నీ జాగ. గోవిందు మామ ఇన్నొద్దుల నుంచి నాతోని ఒక్క మాట మాట్లాడలే. మూగోని పక్కన కూసున్నట్టుంది. కూలి ఇయ్యకున్న మంచిదే, నేను పోత." పోయింది.

నేను కూర్చున్నాను. కొంచెం నేసేసరికే మంట లేచింది. లేవబోయాను.

"ఏందే, మల్ల పోతున్నవ్? ఏసీ వెయ్యనా?"

"ఏసీకి పోదు. నా లోపల్నుంచి వొస్తది. నెల ఆగిన ఆడదానికి వొచ్చే మంట ఇది. జరసేపు ఉంటది, పోతది. మల్ల వొస్తది."

ఆయన మగ్గం వైపే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గిది ముందుగాల ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె?"

"గిట్లనే. ఇప్పుడు చెప్పినట్టే."

తర్వాత తల వంచుకుని అన్నది నీకు రాయవచ్చో లేదో. రాస్తున్నాను. "నేనంటె నీకు రోత వుట్టింది అనుకుంటి. నా కాడ వాసనొస్తుందేమో అని పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి సబ్బు వెట్టి తానం జేస్తున్న, రెండు నెల్ల సంది."

సబ్బులు త్వరగా అయిపోతున్నాయని నేను కిరాణావాణ్ని అడిగాను కూడా.

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక నవ్వాను. మంట ఉండగానే నవ్వాను. ఆయన ముందు కోపంగా చూశాడు, తర్వాత తనూ నవ్వాడు.

"మరి మరక పడితే?" అన్నాను.

"మంట లేస్తుంటె చెయ్యెత్తు. నాడె ఆపుత."

"చీర లేటైతది."

"ఐతే ఐతది. యజమాని వొచ్చి నేసుకుంటడా?"

ఏసీ గురించి చెప్పు. మగ్గం గదిలో వేయడం లేదు. కాగు, గోనెలు మళ్లీ వచ్చాయి.

అక్క


నాగర్‌కర్నూలు,
మే 19.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సబ్బు ముక్క దగ్గర మూడుసార్లూ నవ్వాను. ఒక్క ఉత్తరంలో నువ్వు ఇన్ని మాటలు రాయడం పుట్టి ఇదే మొదలు.

మా సేటు ఒప్పుకున్నాడు. ఒకటిన్నర టన్నుది వెనక్కి పంపేయండి. మగ్గం గదికి కూలర్ పంపుతున్నాను. అది నీళ్ల గాలి కొడుతుంది, పోగుకు అదే కావాలి. మూతి మాత్రం గోడ వైపు తిప్పి పెట్టు, పడుగు మీదికి నేరుగా తగలకూడదు. ఇది మొదటి ఉత్తరానికే తోచాల్సింది. ఏసీ అని అడిగావు కదా అని ఏసీ లెక్కే కట్టాను.

ముందు వైపు మీరు పడుకునే గదికి బండల కప్పు, నీడ గోడ. కొలతలు నాకు తెలుసు, చీర పరవకు. అక్కడికి ఒక టన్ను ఏసీ చాలు, అదీ పంపుతున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వేసుకుని ఒక కునుకు తీయండి. గోనెలు ఆ గదిలోకి తేనని బావతో ఒట్టు వేయించు.

మాత్రలు మానకు.

ఉమ


గద్వాల,
జూన్ 9.

చెల్లె ఉమకు,

కూలర్ బాగుంది. ముందు గదిలో ఏసీ కూడా బాగుంది. సైజు సరిపోయింది. మీ బావ దుప్పటి కప్పుకుంటాడు, నేను కప్పుకోను. మాత్రలు వేసుకుంటున్నాను. ఆవిర్లు కొంచెం తగ్గాయి. పోలేదు.

ఇంకొకటి చెప్పాలి. నేను కూర్చునేది గోడ వైపు, ఆయన తలుపు వైపు. మంట వచ్చి నేను లేవాలంటే ఆయన జరగాలి. పోయిన సోమవారం నేను పూజ ముగించుకుని వచ్చేసరికి ఆయన గోడ వైపు కూర్చుని ఉన్నాడు. "నువ్వు ఇటు రా, గాలి తగుల్తది" అన్నాడు. ఇన్నేళ్లు ఒక పక్క నుంచి ఆడిన చెయ్యి ఇప్పుడు రెండో పక్క నుంచి ఆడాలి. మొదటి రోజు నేసింది వంకరగా వస్తే అంతా విప్పాం. కొత్తగా నేర్చుకునేవాడిలా నాలుక బయటపెట్టి నేస్తున్నాడు. నేను తప్పు చూపిస్తే "తెలుసు, తెలుసు" అంటాడు. తెలియదు.

నిన్న మంట వచ్చినప్పుడు చెయ్యెత్తాను. నాడె ఆగింది. కళ్లు మూసుకుని తల్లి పేరు అనుకుంటూ కూర్చున్నాను. దిగిపోయాక కళ్లు తెరిస్తే ఆయన కూడా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"నువ్వెందుకు మూసుకున్నవ్?"

"నేను సూస్తుంటె నీకు తొందరైతదని."

ఈ చీర ఆలస్యమవుతుంది. యజమానికి చెప్పేశాడు. మరక లేదు.

ఇప్పుడే మంచినీళ్లకు లేచి ఈ నాలుగు ముక్కలు రాశాను. నాడె నా వైపు వచ్చి ఆగి ఉంది. వెళ్లాలి.

అక్క